మడత పడ్డ కాగితం

1963 సెప్టెంబరులో న్యూయార్కులో కొంతమంది ఇళ్ళకు టపాలో ఒక కాగితం వచ్చింది. మడిచి పంపిన కాగితం. విప్పితే రెండడుగులకు కాస్త తక్కువ వెడల్పున ఒక అమ్మాయి ముఖం. పసుపుపచ్చ జుట్టు, ఎర్రటి పెదవులు, కళ్ళ నుంచి జారుతున్న కన్నీటి బొట్లు, చర్మమంతా ఎర్రటి చుక్కలు. 4 ఈస్ట్ 77వ వీధిలోని లియో కాస్టెల్లి గ్యాలరీలో అమెరికన్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ బొమ్మల ప్రదర్శన ఉంది, రమ్మని చెప్పే ఆహ్వానం అది. అలాంటి కాగితానికి మామూలుగా పట్టే గతి మనకు తెలిసిందే. ప్రదర్శన అయిపోతే చెత్తబుట్ట.

ఆ ‘ఏడుస్తున్న అమ్మాయి’ని ఇవాళ లిక్టెన్‌స్టైన్ ముద్రణచిత్రాల అధికారిక జాబితాలోనే చేర్చారు. అద్దం కట్టించి మ్యూజియంలు గోడకు పెడుతున్నాయి. వేలంపాటల్లోకి వచ్చినప్పుడు మడత లేని ప్రతికి ఎక్కువ ధర, మడత ఉన్నదానికి తక్కువ. అంటే టపాలో వెళ్ళి ఒకరి ఇంటి తలుపు తట్టి తన పని తాను చేసిన కాగితం చవక. ఎక్కడికీ వెళ్ళకుండా గ్యాలరీ అలమారలోనే ఉండిపోయిన కాగితం ఖరీదు. కాగితాలు పోగేసే మా బోటివాళ్ళ సరదాలో ఉన్న మంచీ చెడూ రెండూ నాకు ఆ మడత దగ్గరే కనిపిస్తాయి.

ఇంగ్లిషులో ఇలాంటి కాగితాల్ని ఎఫెమెరా అంటారు. గ్రీకు మూలంలో ఒక్కరోజు బతికేది అని అర్థం. మన దగ్గర స్థిరపడిన మాట లేదు. చిల్లర కాగితాలంటే దగ్గరగా ఉంటుంది. ఆహ్వానపత్రాలు, పోస్టుకార్డులు, పోస్టర్లు, కరపత్రాలు, ధరల పట్టీలు, టిక్కెట్టు ముక్కలు, కాగితం సంచులు, ప్రదర్శనల కేటలాగులు. కేటలాగు పుస్తకమే కదా, చిల్లర ఎలా అవుతుందని అడగొచ్చు. 1960ల నాటి గ్యాలరీ కేటలాగులు చాలావరకు మధ్యలో రెండు పిన్నులు కొట్టిన పల్చటి పొత్తాలే. ఆ నెల రోజుల అవసరానికి అచ్చువేసినవి. ఎవరూ వాటిని అట్ట కట్టి దాచుకోమనలేదు.

నేను పోగేసేవాణ్ణే. ఒక బీరువాలో రెండు అరలు వీటికే. అయినా వద్దనేవాళ్ళ మాటలో బలం ఉందని ఏళ్ళు గడిచేకొద్దీ ఒప్పుకుంటున్నాను. అందుకే రెండు వైపులా తూచి చూడాలనిపించింది.

ముందు దాచాలనే పక్షం.

చిల్లర కాగితానికి చరిత్రను దిద్దే శక్తి ఉందని తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరులో విడుదలైందని దశాబ్దాలపాటు అందరం రాసుకున్నాం, ఉత్సవాలు చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికల ప్రకటనలూ సెన్సారు వివరాలూ వెతికి పట్టుకుని అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని తేల్చారు. సినిమా ప్రింటు మిగల్లేదు. ఆ రోజు కోసమే అచ్చయిన కాగితం మిగిలింది.

ప్రకటనలు, కామిక్స్, సరుకుల బొమ్మల్నే కళగా చేసుకున్న లిక్టెన్‌స్టైన్ తరహా పాప్ ఆర్ట్‌లో ఇంకో మెట్టు పైకి వెళ్ళాలి. అక్కడ కాగితం చరిత్రకు సాక్ష్యమే కాదు, చాలాసార్లు కళ పుట్టిన చోటు కూడా అదే. 1956 ఆగస్టులో లండన్‌లోని వైట్‌చాపెల్ ఆర్ట్ గ్యాలరీలో ‘దిస్ ఈజ్ టుమారో’ అనే ప్రదర్శన జరిగింది. చిత్రకారులు, శిల్పులు, వాస్తుశిల్పులు పన్నెండు బృందాలుగా చేరి చేసింది. కేటలాగులో ఒక పేజీకీ, పోస్టరుకీ బొమ్మ కావాలని చిత్రకారుడు రిచర్డ్ హామిల్టన్ అమెరికన్ పత్రికల కత్తిరింపులు అతికించి ఒక కొలాజ్ చేశాడు. ఒక ఆధునిక గది. అందులో కండలవీరుడు, సోఫా మీద అమ్మాయి, టీవీ, టేప్‌రికార్డరు, బల్ల మీద మాంసం డబ్బా. వీరుడి చేతిలో ‘పాప్’ అక్షరాలున్న పెద్ద మిఠాయి పుల్ల. అటూ ఇటూ పాతిక సెంటీమీటర్ల ముక్క అది. గోడకు తగిలించాలని చేసింది కాదు, అచ్చుకోసం చేసింది. పాప్ ఆర్ట్ చరిత్ర రాసేవాళ్ళలో చాలామంది మొదట చూపించే బొమ్మ ఇదే. అసలు కొలాజ్ ఇప్పుడు జర్మనీలోని ట్యూబింగెన్ మ్యూజియంలో ఉంది. కానీ ఆనాటి జనం చూసింది కేటలాగులోని నలుపూ తెలుపూ అచ్చునే. అలాంటప్పుడు ఆ కేటలాగును నకలు అనడానికి నాకు నోరు రాదు.

అమెరికన్ కళాకారుడు రాబర్ట్ ఇండియానా ‘లవ్’ బొమ్మ కథా ఇలాంటిదే. ఎల్, ఓ పైన. వి, ఇ కింద. ఓ పక్కకు ఒరిగి ఉంటుంది. ఫిలడెల్ఫియాలో మనవాళ్ళు ఆ అక్షరాల శిల్పం ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటారు. ఆ బొమ్మ మొదట లోకానికి తెలిసింది శిల్పంగా కాదు. 1965లో న్యూయార్కు మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ క్రిస్మస్ కార్డు చేసిపెట్టమని ఇండియానాను అడిగింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఆ కార్డు అచ్చయింది, బాగా అమ్ముడుపోయింది. 1973కల్లా ఎనిమిది సెంట్ల తపాలా బిళ్ళ అయి 30 కోట్లకు పైగా ఉత్తరాల మీదకు ఎక్కింది. ఇండియానా ఆ బొమ్మకు హక్కులు నమోదు చేయించుకోలేదు. దాంతో కప్పుల మీదా చొక్కాల మీదా ఎవరికి తోచినట్టు వాళ్ళు అచ్చేసుకున్నారు. ఆ వరసలో మొదట ఉన్న కాగితం ఏదో తెలియాలంటే ఎవరో ఒకరు ఆ క్రిస్మస్ కార్డును దాచి ఉండాలి కదా.

1964 అక్టోబరులో న్యూయార్కు బియాంకీనీ గ్యాలరీ ‘అమెరికన్ సూపర్‌మార్కెట్’ పేరుతో గ్యాలరీనే సరుకుల కొట్టుగా మార్చింది. ఆ కొట్టుకు కాగితం సంచులు కూడా కళాకారులే చేశారు. ఒకదాని మీద యాండీ వార్హోల్ సూప్ డబ్బా, ఇంకోదాని మీద లిక్టెన్‌స్టైన్ వేసిన టర్కీ కోడి. ఆ సంచిలో కూరగాయలు మోసుకెళ్ళినా తప్పు లేదు, గోడకు పెట్టుకున్నా తప్పు లేదు. ఏది సరుకు, ఏది కళ అన్న గీత చెరిగిపోవాలనే కదా ఆ ప్రదర్శన పెట్టింది. ఆ గీత చెరిగిందని రుజువు చూపించాలంటే సంచి ఉండాలి.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించిన ఉదాహరణ. న్యూయార్కు మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో లిక్టెన్‌స్టైన్ వేసిన ‘మునిగిపోతున్న అమ్మాయి’ ఉంది. 1963 నాటిది, అటూ ఇటూ అయిదున్నర అడుగుల పైన. దాని పోస్టుకార్డు ఒకటి నా దగ్గరుంది. భూతద్దం పెట్టి ఆ కార్డును చూడండి. చెంప మీద లిక్టెన్‌స్టైన్ చేత్తో వేసిన చుక్కలు కనిపిస్తాయి. ఇంకొంచెం దగ్గరకు తీసుకుంటే ఒక్కో చుక్క లోపల అచ్చుయంత్రం వేసిన సన్నటి చుక్కలు, నాలుగు రంగుల్లో, చిన్న చిన్న పువ్వుల్లా కమ్ముకుని ఉంటాయి. చుక్కలో చుక్కలు. ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే తిరిగి వెళ్ళినట్టుంటుంది. ఎందుకంటే అది పుట్టింది ‘సీక్రెట్ హార్ట్స్’ అనే ప్రేమకథల కామిక్ పుస్తకంలో. 1962 నాటి 83వ సంచికలో ఒక గడి. ఆ గడి గీసినవాడు టోనీ అబ్రుజో. పన్నెండు సెంట్లకు అమ్మిన ఆ పుస్తకం పిల్లలూ పెద్దలూ చదివి పారేసేది. చిత్రకారుడి పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. కొంతమంది పాత కామిక్స్‌ను పారేయకుండా దాచుకున్నారు కాబట్టి లిక్టెన్‌స్టైన్ బొమ్మల పక్కన మూలాలు పెట్టి చూడటం సాధ్యమైంది, అబ్రుజో పేరు బయటికొచ్చింది. పాప్ ఆర్ట్ తన మూలాలకు ఎంత రుణపడి ఉంది, దాన్ని ఎంతవరకు తీర్చుకుంది అన్న వాదన ఇవాళ ఇంత గట్టిగా నడుస్తోందంటే ఆ దాచిన కాగితాల వల్లే. ఈ ఒక్క కారణానికే నేను పోగేసేవాళ్ళ పక్షాన నిలబడతాను.

పెద్ద సంస్థలు దాస్తాయి కదా, మనకెందుకీ బాధ అనేవాళ్ళకు అమెరికన్ కళాకారుడు ఎడ్ రుషే అనుభవం చెప్పాలి. 1963లో ఆయన ‘ట్వంటీసిక్స్ గ్యాసొలిన్ స్టేషన్స్’ అనే చిన్న పుస్తకం అచ్చువేశాడు. లాస్ ఏంజెలెస్ నుంచి ఓక్లహోమా వెళ్ళే దారిలోని ఇరవై ఆరు పెట్రోలు బంకుల ఫొటోలు, అంతే. మొదటి ముద్రణ 400 ప్రతులు, ధర మూడున్నర డాలర్లు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఒక ప్రతి పంపితే తిప్పి పంపారు. ఆ తిరస్కారాన్నే రుషే ‘ఆర్ట్‌ఫోరమ్’ పత్రికలో ప్రకటనగా వేయించాడు. కళాకారుల పుస్తకాల చరిత్రను ఇప్పుడు చాలామంది ఆ పుస్తకం దగ్గరే మొదలుపెడుతున్నారు. ఏది నిలుస్తుందో ఆ రోజున గ్రంథాలయానికి తెలియలేదు. మూడున్నర డాలర్లు పెట్టి కొనుక్కున్న మామూలు మనుషులు దాన్ని నిలబెట్టారు.

ఇప్పుడు వద్దనేవాళ్ళ మాట వినాలి. వాళ్ళ మొదటి సాక్షి హామిల్టనే. 1957 జనవరిలో వాస్తుశిల్పులైన స్మిత్‌సన్ దంపతులకు రాసిన ఉత్తరంలో ఆయన పాప్ లక్షణాలు వరసగా రాశాడు. నలుగురికీ నచ్చాలి, చవకగా ఉండాలి, లెక్కకు మించి తయారవ్వాలి, కొద్దికాలమే ఉండాలి, వాడి పారేసేలా ఉండాలి. పారేయడం ఈ కళ స్వభావంలోనే ఉందన్నమాట. దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ముట్టుకోవద్దని చెప్పి, చీకటి గదిలో దాచడం ఆ స్వభావానికి ఎదురు వెళ్ళడమే. పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ రూపొందించిన బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ రికార్డు తొడుగులో 1967లో ఒక అట్టకాగితం పెట్టి ఇచ్చారు. కత్తిరించుకుని పెట్టుకోవడానికి మీసాలు, తగిలించుకోవడానికి బిళ్ళలు. ఇవాళ కత్తెర పడని అట్టకే గిరాకీ. ఆ రోజు ఇంట్లో కత్తిరించి మీసం పెట్టుకుని అద్దంలో చూసుకున్న కుర్రవాడు ఆ కాగితాన్ని సరిగ్గా వాడాడు. సంత మాత్రం వాడనివాణ్ణే మెచ్చుకుంటోంది. ఈ అన్యాయాన్ని నేను కాదనలేను.

రెండో మాట ఇంకా బరువైంది. ఈ కాగితాలు నిలవవు. నిలబెట్టాలని చూసినా నిలవవు. 1968లో స్టాక్‌హోమ్ మోడెర్నా మ్యూసీట్‌లో జరిగిన వార్హోల్ ప్రదర్శన కేటలాగు లావుపాటిది, అట్ట నిండా పువ్వులు. లోపలి కాగితం మాత్రం నాసిరకం, దాదాపు మన దినపత్రిక కాగితం లాంటిది. చౌక కాగితంలోని కలపగుజ్జు తన ఆమ్లంతో తననే తింటుంది. అంచుల నుంచి లోపలికి గోధుమరంగు పాకుతుంది, తర్వాత పేజీ తిప్పితే పెళుసుగా విరుగుతుంది. 1967లో ర్యాండమ్ హౌస్ వేసిన వార్హోల్ ‘ఇండెక్స్ బుక్’ పరిస్థితి మరీ కష్టం. పేజీ తెరిస్తే లేచి నిలబడే కోట, ఎర్రటి టమాటా డబ్బా, వాయించుకోవడానికి పల్చటి రికార్డు, ఇంకా ఒక బెలూను. ఆ బెలూను రబ్బరు కొన్నేళ్ళకు కరిగి జిగురై రెండు పేజీలనూ అతికించేసింది. అమ్మకానికి వచ్చే ప్రతుల్లో చాలావాటి వర్ణనలో ఆ మాట ఉండనే ఉంటుంది. విడదీయబోతే చిరుగుతుంది, వదిలేస్తే ఆ పేజీల్లో ఏముందో ఎప్పటికీ కనపడదు. ఏటేటా దిగజారే వస్తువు కోసం డబ్బూ చోటూ ఖర్చుపెట్టడం న్యాయమా అని మా ఇంట్లో అడిగారు. జవాబు చెప్పడం నాకు తేలిక కాలేదు.

చోటు అన్నాను కాబట్టి పిట్స్‌బర్గ్ సంగతి చెప్పాలి. పిట్స్‌బర్గ్ అంటే అమెరికాలో మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది పెన్‌హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి. మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు ఒకరోజు దర్శనం చేసుకుని, మర్నాడు అదే ఊళ్ళోని యాండీ వార్హోల్ మ్యూజియంకు వెళ్ళాను. వార్హోల్ పుట్టిన ఊరు అది. మ్యూజియం 1994లో తెరిచారు. 1974లో ఆఫీసు మారుతున్నప్పుడు సామాన్లు సర్దిన అట్టపెట్టెలు చూసి వార్హోల్‌కు ఒక ఆలోచన వచ్చింది. అప్పటినుంచి 1987లో పోయేదాకా దగ్గరే ఒక పెట్టె పెట్టుకుని వచ్చిన ఉత్తరం, ఆహ్వానపత్రం, పత్రిక, బిల్లు, ఫొటో అన్నీ అందులో వేసేవాడు. నిండగానే మూసి గోదాముకు పంపేవాడు. ‘టైమ్ క్యాప్సూల్స్’ అన్నాడు వాటిని. మొత్తం 610. ఒక్కో కాగితం తీసి తుడిచి, రాసి, ఫొటో తీసి, ఆమ్లం లేని కవరులో పెట్టడానికి చదువుకున్న మనుషులు ఏళ్ళ తరబడి పనిచేశారు. మ్యూజియంలో వాటిని పెట్టిన గాజుపెట్టె ముందు నిలబడితే నాకు రెండు విషయాలు ఒకేసారి తోచాయి. పారేయాల్సిన కాగితాన్ని పాప్ ఆర్ట్ పెద్దే పారేయలేకపోయాడు. పోగేసేవాళ్ళకు అంతకంటే పెద్ద వకీలు అక్కర్లేదు. కానీ ఆ 610 పెట్టెల బరువును ఒక సంస్థ మోస్తోంది. మామూలు ఇంట్లో ఆ బరువు ఎవరి మీద పడుతుంది? పోగేసినవాడు పోయాక పిల్లల మీద. వాళ్ళకు ఏది ఏమిటో తెలియదు. ఇల్లు ఖాళీ చేసే రోజున అంతా తూకానికి వెళుతుంది. సరదాపడి కొన్నవాడు బతికుండగానే ఈ ఏర్పాటు చేయకపోతే అతను దాచినట్టు కాదు, పారేసే రోజును వాయిదా వేసినట్టు.

మూడోది డబ్బు, దాని వెనకే వచ్చే మోసం. వార్హోల్ పోయిన మరుసటి ఏడాది సోథ్‌బీస్ ఆయన ఇంటి సామాను పది రోజులపాటు వేలం వేసింది. సంతల్లో చవగ్గా ఏరుకున్న బిస్కెట్ల జాడీలకే దాదాపు రెండున్నర లక్షల డాలర్లు పలికాయి. జాడీ అదే జాడీ, పేరు తోడయింది. పేరుకు డబ్బు వచ్చిన చోట పేరు దొంగిలించేవాళ్ళూ వస్తారు. అదీ ఎక్కడో చీకటి గదిలో కాదు. స్టాక్‌హోమ్ ప్రదర్శన నడిపిన పోంటుస్ హుల్తేన్ ప్రపంచం గౌరవించిన మ్యూజియం డైరెక్టరు. 1968లో అక్కడ వార్హోల్ పనిగా పెట్టిన బ్రిల్లో సబ్బు పెట్టెల్లో ఎక్కువభాగం ఆ కంపెనీ నుంచి తెప్పించిన మామూలు అట్టపెట్టెలే. ఆయన 1990లో, వార్హోల్ పోయిన మూడేళ్ళకు, మాల్మోలో వందకు పైగా చెక్కపెట్టెలు చేయించి అవి 1968 నాటివని చెప్పాడు. 2007లో స్వీడన్ పత్రిక ‘ఎక్స్‌ప్రెస్సెన్’ బయటపెట్టేదాకా అవి అసలైనవిగా చేతులు మారాయి. వార్హోల్ పనులను అసలా నకిలీనా అని తేల్చే మండలి కూడా తర్వాత కొన్నేళ్ళకు మూతబడింది. ఆహ్వానపత్రాల మీద, సూప్ డబ్బా చీటీల మీద వార్హోల్ సంతకాలు ఇప్పటికీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. ఆయన నిజంగానే అడిగినవాళ్ళకల్లా సంతకం పెట్టేవాడు. అందుకే దొంగ సంతకానికి నమ్మకం కలిగించడం తేలిక.

నేనూ దెబ్బ తిన్నాను. 1960ల నాటి ప్రదర్శన పోస్టరు అని చెప్పి ఒక అమ్మకందారు పంపిన కాగితం చాలా ఇష్టంగా తెచ్చుకున్నాను. కాగితం కొంచెం పచ్చబడి ఉంది, వాసన కూడా పాతదే. భూతద్దం పెట్టాను. ఒకే రంగు నిండుగా పరుచుకోవాల్సిన చోట పోస్టుకార్డులో కనిపించిన ఆ సన్నటి నాలుగు రంగుల పువ్వులే కనిపించాయి. అసలు పోస్టరును ఫొటో తీసి మళ్ళీ అచ్చువేశారన్నమాట. డబ్బు తిరిగి రాలేదు. బాధ డబ్బు గురించి కాదు. ఆ కాగితం 1960ల్లో ఏ గోడ మీదా లేదు, ఎవరూ దాన్ని చూసి ప్రదర్శనకు వెళ్ళలేదు. నేను కొన్నది అబద్ధపు సాక్ష్యం.

ఇక్కడే వద్దనేవాళ్ళు అసలు ప్రశ్న వేస్తారు. ఇప్పుడన్నీ స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఉన్నాయి కదా, కాస్టెల్లి గ్యాలరీ కాగితాలు 2007లో ఆర్కైవ్స్ ఆఫ్ అమెరికన్ ఆర్ట్‌కు చేరాయి కదా, ఇంకా ఇంట్లో పెట్టుకోవడం ఎందుకు? చదువుకోవడానికైతే ఈ మాట చాలావరకు నిజం. ‘దిస్ ఈజ్ టుమారో’ కేటలాగు అసలు ప్రతి మన చేతికి రాదు. వైట్‌చాపెల్ వాళ్ళే తర్వాత వేసిన నకలు ముద్రణ ఉంది. నాకైతే అది చాలు. కాగితం చవక, మాటలు అవే, బొమ్మల వరసా అదే. కానీ స్కాన్ కాగితానికి ఒక పక్కే చూపిస్తుంది. ఆహ్వానపత్రం వెనక్కి తిప్పితే అడ్రసు, తపాలా ముద్ర, తారీఖు, ఎవరో పెన్సిలుతో రాసుకున్న ఫోను నంబరు ఉంటాయి. ఎవరిని పిలిచారు, ఎప్పుడు పిలిచారు, ఆ మనిషి ఏ పేటలో ఉండేవాడు అన్నది ఆ వెనకపక్క చెబుతుంది. బొమ్మ ఎంత పెద్దదో, కాగితం ఎంత పల్చనో, సంచిలా మోయగలమో లేదో తెర మీద తెలియదు.

మన దేశం సంగతి చూస్తే ఈ వెనకపక్క ఎంత అవసరమో తెలుస్తుంది. 1967లో న్యూయార్కు మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పంపిన ‘టూ డికేడ్స్ ఆఫ్ అమెరికన్ పెయింటింగ్’ ప్రదర్శన టోక్యో, క్యోటో అయ్యాక ఢిల్లీకి, లలిత కళా అకాడమీకి వచ్చింది. వార్హోల్, లిక్టెన్‌స్టైన్, రాషెన్‌బర్గ్, జాస్పర్ జాన్స్ బొమ్మల్ని మన చిత్రకారులు పుస్తకాల్లో కాకుండా కళ్ళారా చూసే అవకాశం అలా వచ్చింది. బొమ్మలు తిరిగి వెళ్ళిపోయాయి. ఆ కొద్ది వారాల గురించి ఇక్కడ మిగిలేది కేటలాగు, ఆహ్వానం, పత్రికల కత్తిరింపులు. అదే కాలంలో బరోడాలో చిత్రకారుడు భూపేన్ ఖఖ్ఖర్ బజారులో దొరికే దేవుళ్ళ పటాలు కత్తిరించి అతికించి బొమ్మలు చేశాడు. 1972లో తన ప్రదర్శన కేటలాగు కోసం వ్యాపార ప్రకటనల్లోని మోడల్‌లా తనే పోజులిచ్చి ఫొటోలు తీయించుకున్నాడు. గులాం మొహమ్మద్ షేక్‌తో కలిసి ‘వృశ్చిక్’ అనే చిన్నపత్రిక నడిపాడు.  ఆ పత్రిక సంచికల్ని ఇవాళ ఇంట్లో కూర్చుని చదవగలుగుతున్నామంటే బరోడా కళాకారులు వాటిని పారేయకుండా ఉంచి, హాంకాంగ్‌లోని ఆసియా ఆర్ట్ ఆర్కైవ్‌కు స్కాన్ చేయడానికి ఇచ్చినందువల్లే. స్కాన్ ఉందిగా అనేవాళ్ళు, స్కాన్ చేయడానికి ముందు ఎవరో కాగితం దాచారన్న సంగతి మరిచిపోతున్నారు.

ఇదంతా తూచాక నా తీర్పు చెబుతాను. దాచడం మంచిదే, కానీ దాచే పద్ధతి మారాలి. పెట్టుబడిగా కొనేవాళ్ళకు ఈ దారి వద్దు. నకిలీల మధ్య నష్టపోతారు, ఈ లోపు నిజంగా చదువుకునేవాళ్ళకు అందకుండా ధరలు పెంచుతారు. సంతకం కోసం పైసా ఎక్కువ పెట్టొద్దు. సంతకం లేని కాగితం అబద్ధం చెప్పే అవకాశం తక్కువ. మ్యూజియం దుకాణంలో ఇవాళ అమ్మే పోస్టుకార్డు కొనుక్కోండి, ఇష్టమైనవాళ్ళకు ఉత్తరం రాసి పంపండి. అది సరుకు, వాడితేనే దానికి అందం. ఒక ప్రదర్శన కోసం, ఒక తారీఖు కోసం అచ్చయిన కాగితం వేరు. అది దొరికితే వదలొద్దు. మడత ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పెడితే నేను మడత ఉన్నదే తీసుకుంటాను. టపాలో నలిగి, ఒకరి పేరు మోసి, ఒక గుమ్మం చేరిన కాగితం తను చేసిన పనికి రుజువు వెంట తెచ్చుకుంటుంది. సంత దాన్ని చవగ్గా అమ్ముతోంది కాబట్టి నాలాంటి మామూలువాళ్ళకు అందుతుంది కూడా.

దాచాక మూసిపెట్టొద్దు. కేటలాగు చదవడానికి వేసిందే. శుభ్రమైన చేతులతో జాగ్రత్తగా తెరిచి చదివితే తేలిగ్గా అరిగిపోదు. మనవాళ్ళకు ముఖ్యమైన కాగితం కనపడగానే లామినేషన్ చేయించే అలవాటు ఉంది. దయచేసి ఆ పని చేయకండి. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను తర్వాత కాగితం పాడవకుండా విడదీయడం చాలా కష్టం. సెల్లోటేపు, రబ్బరు బ్యాండు, చవకరకం ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు. టేపు జిగురు పసుపు మరకవుతుంది, రబ్బరు కరిగి అంటుకుంటుంది, ఆ ప్లాస్టిక్ అచ్చుసిరాను లాగేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో పిన్నులు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తింటాయి. జాగ్రత్తగా తీసేసి నూలుదారంతో కుడితే సరిపోతుంది. బీరువాలో గోడకు ఆనని అరలో, ఎండ తగలని చోట పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాగితాలు మీ తర్వాత ఎవరికి వెళ్ళాలో ఇప్పుడే ఒక గ్రంథాలయంతోనో కళాశాలతోనో మాట్లాడి రాసి ఉంచండి. నా రెండు అరలకు ఆ పని చేశాను. జాబితా ఒక నోటుబుక్కులో ఉంది, మా అమ్మాయికి దాని చోటు తెలుసు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ముప్ఫై నలభై ఏళ్ళ కింద జరిగిన చిత్రప్రదర్శన ఆహ్వానం మీ ఇంట్లో పాత పుస్తకాల మధ్య ఉండి ఉంటుంది. తూకానికి వేసే ముందు ఆ కట్ట ఒకసారి విప్పండి. అలాంటిది కనపడితే ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, ఎవరు ఇచ్చారో గుర్తున్నంతవరకు వెనకవైపు మెత్తటి పెన్సిలుతో రాసి పెట్టండి. పెన్ను వాడకండి, సిరా అవతలి పక్కకు దిగుతుంది.